తల్లిగారింటి సొరపాదు

మా కోడలు శ్రీలతకు ఈ మధ్య మట్టి పిచ్చి పట్టింది. బట్టలు ఆరేసుకునే మిద్దె మీద ఇప్పుడు కాలు పెట్టే జాగా లేదు. పగిలిన బకెట్లు, రంగుల డబ్బాలు, పాత కూలరు అడుగు తొట్టి, ఆఖరికి నేను పెళ్లికి తెచ్చుకున్న రేకు పెట్టె కూడా మట్టి నింపుకొని ఎండలో కూర్చున్నాయి. ఆమెలాంటి వాళ్లంతా సిద్దిపేటలో ఒక జట్టుగా కలిశారు. పొద్దంతా ఫోన్లలో ఆకుల ఫొటోలు పంపుకుంటారు. పురుగు పట్టిన ఆకు కనిపిస్తే దవాఖానలో పడ్డ చుట్టం గురించి అడిగినట్టు ఒకరినొకరు వాకబు చేసుకుంటారు. ఉగాది దాటాక, ఎండలు ముదరకముందే, ఒక ఆదివారం చిన్న బస్సు కిరాయికి మాట్లాడుకొని ఒకరి మిద్దెతోట ఒకరు చూసి వస్తారు. ఈసారి నన్నూ రమ్మంది. మోకాళ్ల నొప్పులన్నాను, ఎండ పడదన్నాను. ఆమె వినలేదు. మెట్లు తాను ఎక్కిస్తుందట, దిగడం మాత్రం నేనే చూసుకోవాలట. పైకి విసుక్కున్నాను గానీ లోపల సంబరంగానే ఉంది. ఎవరైనా ఇల్లు దాటించి తిప్పుతామంటే ఈ వయసులో ఎవరికి చేదు?

పొద్దు పొడవకముందే బయల్దేరాం. బస్సు నిండా ఆడవాళ్లు, నలుగురైదుగురు రిటైరైన మగవాళ్లు. అందరి చేతుల్లో మజ్జిగ సీసాలు, తలల మీద టోపీలు. ప్రతి ఇంట్లో మెట్ల చివర ఆ ఇంటావిడ పట్టుచీర కట్టుకొని, బొట్టు పెట్టి, నిమ్మకాయ షర్బత్ చేతికిచ్చి పైకి పంపింది. కొత్త కోడలి సారె చూడ్డానికి పోయినట్టే ఉంది. ఒకరి మిద్దె మీద గులాబీలు, ఒకరి మిద్దె మీద పెద్ద డ్రమ్ములో అంజీరు చెట్టు, ఒకాయనైతే తన బీరతీగకు పాటలు పెట్టి వినిపిస్తాడట. మల్లెలకు అది మొదటి కాపు. మొగ్గల వాసనకు నా మోకాళ్లు కూడా కాసేపు నోరు మూసుకున్నాయి. అందరూ ఒకటే ఫొటోలు. ఆ ఇంటివాళ్లు వద్దనకపోగా, కాయను చేత్తో ఎత్తి పట్టుకొని మరీ చూపించారు.

నారాయణరావుపేట దిక్కు పోయే రోడ్డు మీద ఒక ఇంటి మిద్దెపై ఇనుప పైపుల పందిరి ఉంది. పందిరి నిండా సొరకాయలు, లేత పిందెలు. అందరూ వేళ్లు చాపి, అదిగో ఇదిగో అని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. నేనూ శ్రీలతకు ఒక పిందెను చూపిద్దామని చెయ్యెత్తాను. చెయ్యి లేచింది గానీ చూపుడువేలు దానంతట అదే ముడుచుకుపోయింది. ముడిచిన వేలి కణుపుతోనే చూపించాను. పక్కనున్న ఒక చిన్నమ్మాయి చూసి, వేలు నొప్పి పుడుతోందా అని జాలిగా అడిగింది. నొప్పి కాదు బిడ్డా, మా బాపమ్మ అన్నాను. బస్సెక్కాక అందరూ పట్టుబడితే, వెనక సీటులో కూర్చొని నా చిన్నతనపు మొదటి తోటయాత్ర గురించి చెప్పాను. అప్పుడు చెప్పింది సగమే. మిగతా సగం తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మాది నేత ఇల్లు. వీధి వైపు గదిలో తాత మగ్గం, మేం బాపు అని పిలిచే మా నాయిన మగ్గం పక్కపక్కన ఉండేవి. మా ఇంట్లో పొద్దు తెల్లారేది కోడికూతతో కాదు, గంజి వాసనతో. బాపమ్మ, అంటే మా నాయినను కన్న తల్లి, అందరికన్నా ముందు లేచి పెద్ద గుండిగలో నూలుకు పెట్టే గంజి కాచేది. ఆ వాసన ఇల్లంతా పాకి, చాపల్లోకీ దుప్పట్లలోకీ దిగేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి, మీ ఇంట్లో రోజూ పాయసమా అని అడిగేది. అమ్మ ఒక పక్క కండెలు చుడుతూ మరో పక్క పొయ్యి మీద కన్నేసి ఉంచేది. తాత మగ్గం గుంటలో దిగాడంటే అన్నానికి తప్ప లేచేవాడు కాదు. ఇంటికి చుట్టమొచ్చినా తలెత్తి చూసి, "మంచిగున్నరా" అని మళ్లీ పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె విసిరేవాడు. ఆయన మాటలు కూడా నేసిన గుడ్డ అంత పొదుపు. ఆ పొదుపంతా బాపు ఖర్చు పెట్టేవాడు. ఊళ్లో ఎవరేం అడిగినా సరేననేవాడు, ఏ పని చెప్పినా నేను చూసుకుంటానని మీదేసుకునేవాడు. తర్వాత ఇంటికొచ్చి బాపమ్మ చేత తిట్లు తినేవాడు.

ఇంటి వెనక పెరట్లో, స్నానాల బండ పక్కన, బాపమ్మ సొరపాదు ఉండేది. మా వైపు సొరకాయను ఆనిగెపుకాయ అంటారు. పందిరి కూడా నేతవాళ్ల పందిరే. విరిగిన మగ్గం కర్రలు పాతి, పనికిరాని నూలు పురులు అల్లి కట్టింది. మిగిలిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు, మేం పోసుకున్న స్నానాల నీళ్లు అన్నీ ఆ పాదుకే. గంజి తాగిన తీగ గనక ఆకులు చాటలంత ఉండేవి. ఆ కాయ రుచి నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. తురిమి బియ్యప్పిండిలో కలిపి, నువ్వులు, పల్లీలు వేసి గిన్నెకు సర్వపిండి ఒత్తితే, మూత తీసేసరికి వీధిలో పిల్లలంతా మా గడపలో ఉండేవాళ్లు. కాయకు మెడ సన్నగా, కడుపు గుండ్రంగా ఉండేది. అటువంటి కాయ సిద్దిపేటలో ఇంకెవరింట్లోనూ లేదు. ఎందుకంటే ఆ విత్తనం మిరుదొడ్డి నుంచి బాపమ్మ పెళ్లినాడు కొంగున కట్టుకొని తెచ్చుకున్నది. వాళ్లమ్మ పెరట్లోది.

తర్వాత్తర్వాత ఆ పెరడు లేకుండా పోయింది. బాపమ్మ తల్లి పోయింది. తమ్ముళ్లిద్దరూ మగ్గాలు నడవక ఎక్కడో దూరాన ఉన్న భీమండి పోయి, అక్కడి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి కుదిరి, అక్కడే సంసారాలు పెట్టుకున్నారు. మిరుదొడ్డి ఇంటికి తాళం పడింది. బాపమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. ఎండాకాలం మొదలై వీధిలో ఆడపడుచులు ఒక్కొక్కరే తల్లిగారిళ్లకు ప్రయాణం కట్టే రోజుల్లో మాత్రం, ఆమె ఎక్కువసేపు పాదు దగ్గరే కనిపించేది. గింజలను బూడిదలో కలిపి గుడ్డలో మూటగట్టి పొయ్యి పైన వేలాడదీసేది. ఎవరడిగినా ఒక్క గింజ ఇచ్చేది కాదు. ఎదురింటి రాజవ్వ మా బాపమ్మ కన్నా చిన్నది, అక్కా అక్కా అని తిరిగేది. ఇద్దరికీ ఒకరి కూర గిన్నె ఒకరింటికి పోనిదే ముద్ద దిగదు. ఆ రాజవ్వకు కూడా ఏటా ఒకటే జవాబు, వచ్చే ఏడు చూద్దాం అని.

నేను చెప్పబోయే ఏడు ఆ మూటకు ఎలుకలు తగిలాయి. మిగిలిన పిడికెడు గింజలూ విత్తితే ఒక్క తీగే నిలబడింది. దాని మీద కోతులు పడ్డాయి. అన్నీ పోగా ఎండలు మొదలయ్యే వేళకు పందిరికి ఒకే ఒక కాయ మిగిలింది. అది విత్తనపు కాయ. తీగ మీదే ముదిరి, ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. అప్పుడే కోయాలి. పచ్చిగా కోస్తే గింజ మొలవదు, మిరుదొడ్డి విత్తనం అక్కడితో సరి. ఈ మాట ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ కాయ చుట్టూ బాపమ్మ కట్టిన కట్టుబాట్లు అన్నీ ఇన్నీ కావు. దానికి చూపుడువేలు పెట్టకూడదు, పెడితే మురిగిపోతుంది. చూపించక తప్పదంటే వేలు మడిచి చూపించాలి. బాగుందని అనకూడదు. పందిరికి ఒక పాత చెప్పు, సున్నం బొట్లు పెట్టిన నల్ల కుండ వేలాడేవి. అవి చాలవని రోజూ పొద్దున బాపమ్మ నీళ్లు పోస్తూ వీధికి వినబడేలా కాయను తిట్టేది. ఏం కాయనో ఏమో, మెడ వంకర, రంగు మాడు, కుక్క కూడా ముట్టదు అని. తిట్టినంతసేపూ ఎడమచేత్తో దాని కడుపు నిమురుతూనే ఉండేది.

అటువంటి రోజుల్లో మా బాపు ఒక ఘనకార్యం చేసుకొచ్చాడు. బడి మైదానంలో షామియానాలు వేసి పూల, కూరగాయల ప్రదర్శన పెడుతున్నారని రిక్షాలో మైకు తిరిగింది. అందరికన్నా మంచి కాయ తెచ్చినవాళ్లకు బహుమతి అన్నారు. బాపు అక్కడికి పోయి, మా ఆనిగెపుకాయ ముందు ఇవన్నీ దిగదుడుపే అని నలుగురిలో చెప్పి, పేరు కూడా ఇచ్చి వచ్చాడు. రేపు పొద్దున్నే కాయ కోసి తీసుకపోవాలని అన్నం ముందు కూర్చొని చల్లగా చెప్పాడు. అమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. బాపమ్మ తన కంచం తీసుకొని పెరట్లోకి నడిచి, పందిరి కింద కూర్చొని తినడం మొదలుపెట్టింది. బాపు వెనకాలే పోయి, ఊళ్లో పరువు పోతుందని, ఒక్క పూట చూపించి తెస్తానని బతిమాలాడు. అప్పుడు బాపమ్మ తలెత్తింది.

"మా అవ్వ వోయింది. తమ్ములు భీమండి వోయిన్రు. ఇంటికి తాళమేసిన్రు. మిరుదొడ్డిల నాకు మిగిలింది గీ కాయొక్కటే. కొయ్యాలనుకుంటే కొయ్యి బిడ్డా, నేను అడ్డం రాను. కాని మళ్లా నన్ను తల్లిగారిల్లు ఏదని అడగకు."

బాపు అక్కడే చతికిలబడ్డాడు. మా బాపుకు ఎన్ని గప్పాలున్నా తల్లి కంట్లో నీళ్లు చూస్తే కాళ్లు ఆడవు. కోయనంటే కోయనని ఒట్టు పెట్టాడు. కానీ పేరిచ్చి వచ్చాడు గదా, రేపు అందరిలో ఏం మొహం పెట్టుకొని నిలబడాలో తెలియక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మగ్గం గదిలోంచి తాత గొంతు వినబడింది. ఆయన నాడె ఆపకుండానే అన్నాడు, "కాయ గాడికి వోకుంటె ఏమాయె? వాళ్లనే గీడికి రమ్మను."

తాత ఆ మాట బాపును వెక్కిరించడానికే అన్నాడని నాకు ఇప్పటికీ అనుమానం. బాపు మాత్రం చెప్పులు వేసుకొని అప్పుడే బయల్దేరాడు. ప్రదర్శన చూసుకునే తోటల ఆఫీసరు ఈ ఊరికి కొత్తగా వచ్చినవాడు. లావుగా, నెమ్మదిగా ఉండేవాడు, ఎవరేం చెప్పినా తల ఊపుతూ పూర్తిగా వినేవాడు. విత్తనానికి ఉంచిన కాయ అనగానే, కోయకూడదు, అసలు కోయకూడదు అని బాపు కన్నా ముందే అన్నాడట. మా వీధిలోనే ఒకరింట్లో బావి గట్టున పెద్ద మల్లెపొద ఉంది, మరొకరి పెరట్లో గుత్తులుగా కాసే నిమ్మచెట్టు ఉంది. వాటినీ మైదానానికి మోసుకపోలేరు గదా. అందుకని మర్నాడు పొద్దున చూసేవాళ్లందరినీ తీసుకొని తానే వీధిలోకి నడిచి వస్తానన్నాడు. మా ఊళ్లో ఇంతకుముందు ఎవరైనా ఇలా తోటలు చూడ్డానికి ఇల్లిల్లూ తిరిగారో లేదో నాకు తెలియదు. నేను చూసింది మాత్రం అదే మొదలు.

బాపు వచ్చి ఈ కబురు చెబితే బాపమ్మకు ఒక భయం పోయి పెద్ద భయం పట్టుకుంది. కోయడం తప్పింది, బాగానే ఉంది. ఊరి కళ్లన్నీ వచ్చి కాయ మీద పడతాయి గదా, దానికేం చేయాలి? పాత చెప్పులు ఇంకా కావాలంది. నేను వీధంతా తిరిగి తెగిన చెప్పులు ఏరుకొచ్చాను. అమ్మ పెరడంతా అలికి ముగ్గు పెట్టింది. పొద్దున్నే లేచి చూసేసరికి పందిరి కింద ఇన్ని చెప్పులు వేలాడుతున్నాయి, చెప్పుల కాపు కాసినట్టే ఉంది. అయినా బాపమ్మకు తృప్తి లేదు. తాత దగ్గరికి పోయి ఏదో గొణిగింది. గొల్లభామ బొమ్మ నేతలో వంకర పోయిందని తాత పక్కన పడేసిన చీర ముక్క ఒకటి ఉండేది. ఆయన దాన్ని తీసి ఇచ్చాడు. బాపమ్మ ఆ ముక్కను కాయకు మెడ నుంచి కిందిదాకా చుట్టి, కుచ్చిళ్లు పోసి, నూలు దారంతో కట్టింది. ఇప్పుడు ఎంతమంది చూస్తారో చూడనియ్యి అంది. ఊరంతా చూడ్డానికి వస్తున్న కాయను కనబడకుండా కట్టేసి ఊరికి చూపించాలనే ఆలోచన మా ఇంట్లోవాళ్లకే వస్తుంది.

వాళ్లు వచ్చారు. ముందు ఆఫీసరు, వెనక బడిపంతుళ్లు, దుకాణాలవాళ్లు, ఊళ్ల నుంచి వచ్చిన రైతులు, మా వీధి మొత్తం. మల్లెపొద దగ్గర పూలు, నిమ్మచెట్టు దగ్గర పులిహోర అయ్యాక మా పెరటి తలుపు దగ్గర ఆగారు. అక్కడ బాపమ్మ చేతులు కట్టుకొని నిలబడి ఉంది. లోపలికి వచ్చే ముందు ఆమె చెప్పేది వినాలి.

"వేలు వెట్టొద్దు. మడిచి చూపెట్టుండ్రి. మంచిగున్నదని ఎవ్వరు అనొద్దు."

"మరి ఏమనాలమ్మా?" అని ఆఫీసరు వినయంగా అడిగాడు.

"వంకరున్నదని అనుండ్రి."

ఆయన తల ఊపాడు. వెనక్కి తిరిగి అందరికీ మళ్లీ వివరంగా చెప్పాడు. ఇక చూడాలి ఆ సంబరం. పెద్దపెద్ద మనుషులు వరుసగా పందిరి కిందికి వచ్చి, వేలు మడిచి, చీర కట్టుకున్న ఆ కాయను చూపిస్తూ తోచినట్టు తిట్టిపోయారు. మెడ వంకర అని ఒకరు, రంగు బాగాలేదని ఒకరు, ఇంతకన్నా మా ఇంటి దోసకాయ నయమని ఇంకొకరు. ఒక పంతులుగారు చాలాసేపు ఆలోచించి, క్రమశిక్షణ లేని కాయ అన్నారు. ఒక్కో తిట్టుకు బాపమ్మ మొహం తేటపడుతోంది. బాపు పక్కన నిలబడి నవ్వు ఆపుకోలేక తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. ఆఫీసరు టేపు తీసి చీర మీదనే చుట్టుకొలత తీసుకున్నాడు.

అంతా సవ్యంగా అయిపోయేదే. ఆఖరున రాజవ్వ వచ్చింది. ఆమెకు విత్తనం ఇవ్వలేదన్న కోపం ఎన్నేళ్లదో ఉంది గదా. ఆమె కాయను అటు చూసి ఇటు చూసి, వేలు బుద్ధిగా మడిచి, "గిట్ల కప్పిపెట్టిన్రంటె లోపల పుచ్చువట్టిందేమో" అంది. అందరూ అన్నవి ఉత్త తిట్లు, ఇది మాత్రం నిజంగా అన్నది. బాపమ్మకు ఆ తేడా తెలిసిపోయింది. దిష్టి భయం, ఎలుకల భయం, అన్నీ ఎటు పోయాయో, ఒక్క అంగలో పందిరి కిందికి వచ్చి దారం తెంపి చీర లాగేసింది.

కాయ బయటపడింది. లేత ఆకుపచ్చ పోయి, పండుబారిన వరిచేను రంగు దాని భుజాల మీదికి దిగుతోంది. మీద ఒక్క మచ్చ లేదు. సన్నటి మెడ, నిండు కడుపు. పెరట్లో ఒక్కరూ నోరు మెదపలేదు. తిట్టాలన్న సంగతి అందరూ మరిచిపోయారు. రైతుల్లో ఒక ముసలాయన తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ మౌనం బాపమ్మకు అర్థమైంది, భయమూ తిరిగొచ్చింది, కొంగు తీసి కాయకు అడ్డం పెట్టబోయింది. అప్పుడు ఆఫీసరు ముందుకు వచ్చి, వేలు మడిచి, "ఏం లేదమ్మా, చాలా మామూలు కాయ" అన్నాడు. ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే బాపమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. రాజవ్వ మెల్లగా వచ్చి ఆమె పక్కన నిలబడింది. బహుమతి మా కాయకే ఇచ్చారు. అదేమిచ్చారో చూసే ఓపిక బాపుకు తప్ప ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ తర్వాత రోజులు మాకు పరీక్షే. పొద్దున లేస్తే అందరం ముందు కాయ మొహం చూసేవాళ్లం. ఒక ఆకు పండితే రాజవ్వ కన్నే అని బాపమ్మ గొణిగేది, ఆ సాయంత్రమే రాజవ్వకు కూర గిన్నె పంపేది. తీగ ఎండిపోయింది. తొడిమ ఎండిపోయింది. కాయ మాత్రం కదలలేదు, మెత్తబడలేదు. గట్టిగా, గోధుమ రంగుకు తిరిగింది. మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో ఒకనాడు బాపమ్మ దాన్ని కోసి చెవి దగ్గర పెట్టుకొని ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. తాత కూడా మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. కత్తితో పైభాగం కోసి చాటలో గుమ్మరిస్తే, చాట సగానికి పైగా తెల్లటి గింజలు. ఒక్కటి తాలు లేదు. బాపమ్మ వాటిని చేతుల్లోకి తీసుకుంటూ వదులుతూ చాలాసేపు కూర్చుంది. మూటగట్టి పొయ్యి పైన కడుతుందనుకున్నాం. ఆమె కొంగులో పోసుకొని లేచింది.

"ఒక్కింట్ల ఉంటె ఎలుకకు భయపడాలె, కోతికి భయపడాలె. వాడకట్టంత ఉంటె ఎవనికి భయపడాలె?" అంది. వీధి దాటి మొట్టమొదట రాజవ్వ ఇంట్లోకి పోయింది. ఆనాడు పెరట్లోకి వచ్చి తిట్టినవాళ్లందరికీ గింజలు అందాయి. ఆఫీసరుకూ కాగితం పొట్లం కట్టి పంపింది. అంతమంది చూశాక కూడా కాయకు ఏమీ కాలేదన్న సంగతి ఆమెలో ఏదో ముడి విప్పిందని నేను అనుకుంటాను. చూసినవాళ్లు దాన్ని కోరుకున్నారే గాని దిష్టి పెట్టలేదు.

మొన్నటి తోటయాత్రలో ఆఖరికి చంద్లాపూర్‌లో ఒకరి మామిడితోటలో దిగి చద్దులు విప్పుకున్నాం. కొత్తగా కట్టిన రంగనాయక సాగర్ నీళ్ల మీద నుంచి చల్లటి గాలి. ఎండాకాలంలో ఈ వైపు అటువంటి గాలి వీస్తుందని మా బాపమ్మకు చెబితే బుద్ధి మందగించిందా అనేది. అక్కడ అందరూ సంచులు తెరిచి విత్తనాలు మార్చుకున్నారు. ఎవరూ ఎవరినీ రెండుసార్లు అడగలేదు. బెండ కావాలంటే పిడికెడు, బీర కావాలంటే పిడికెడు. మా రోజుల్లో ఏళ్ల తరబడి అడిగితే గాని రానిది వీళ్లు పల్లీలు పంచుకున్నట్టు పంచుకుంటున్నారు. అది చూస్తే నాకు కడుపు నిండింది. పాతకాలమే మంచిదని అనడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఒక్కటి. పుచ్చుకున్నవాళ్లు కృతజ్ఞతలు అని ఫోన్లో ఒక బొమ్మ పంపి ఊరుకుంటున్నారు. రాజవ్వ చేసింది వీళ్లెవరికీ తెలియదు. బస్సులో నేను చెప్పకుండా దాచుకున్న సగం అదే.

మరుసటేడు ఎండలు మొదలయ్యే వేళకు వీధిలో ఎన్నో పందిళ్లకు మిరుదొడ్డి కాయలు వేలాడాయి. అన్నింటికన్నా బాగా కాసింది రాజవ్వ పాదు. మా బాపమ్మకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది. ఒక శుక్రవారం రాజవ్వ నన్ను పిలిచి, మీ బాపమ్మను తలంటు పోసుకొని రమ్మను అని చెప్పింది. కాయ కోసి చేతికిస్తుందేమో అనుకుంటూ బాపమ్మ పోయింది, నేను వెనకాల. లోపల తూర్పు ముఖంగా పీట వేసి ఉంది. పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, తమలపాకులు, పోకలు, రవిక గుడ్డ. ఒడిబియ్యం. పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు ఒడిలో పోసే బియ్యం. తమ్ముళ్లు భీమండి పోయినప్పటి నుంచి బాపమ్మకు ఎవరూ పోయలేదు.

"ఇదేందే రాజవ్వా? నువ్వు నాకేమైతవని పోస్తున్నవ్?" అంది బాపమ్మ.

"నీ తల్లిగారి కాయ నా పెరట్ల కాసినంక, గిది నీ తల్లిగారిల్లు గాదా అక్కా? కూసో."

బాపమ్మ కూర్చుంది. రాజవ్వ ఆమె కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దోసిళ్లతో ఒడి నింపింది. బాపమ్మ కళ్ల నీళ్లు బియ్యంలో పడ్డాయి. వాటిని తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, ఒడి పట్టుకొని ఉన్నాయి. నేనే నా పావడా అంచుతో తుడిచాను. అంతా అయ్యాక, పోదాం లే బాపమ్మా, అన్నాను. ఆమె కదలలేదు. రాజవ్వ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క వీధి, ఇక్కడి నుంచి మా గడప కనిపిస్తోంది.

"తల్లిగారింటి నుంచి ఒక్కదాన్నే వస్తనా? మీ తాతను తీస్కపోను రమ్మను" అంది.

నేను పరుగెత్తుకొని పోయి తాతకు చెప్పాను. ఆయన నాడె విసరబోయిన చెయ్యి ఆగింది. తర్వాత పని మధ్యలో మగ్గం గుంటలోంచి లేచాడు. విత్తనపు కాయ కోసిన నాడు తప్ప, నేను పుట్టాక ఆయన అలా లేవడం చూడలేదు. కాళ్లు చేతులు కడుక్కొని, పెళ్లిళ్లకు తొడిగే తెల్లంగీ తీసి తొడుక్కొని, భుజాన కండువా వేసుకొని వీధి దాటాడు. రాజవ్వ గడపలోనే కాళ్లకు నీళ్లిచ్చింది. అల్లుడికి వేసినట్టు పీట వేసి, ఆ కాయతోనే చేసిన కూర వడ్డించింది. తాత కూడా ఏం తక్కువ తినలేదు, చాలాసేపు కూర్చున్నాడు, అల్లుళ్లు కూర్చున్నట్టే.

పొద్దు వాలాక ఇద్దరూ బయటికి వచ్చారు. ముందు తాత, వెనక నిండు ఒడితో బాపమ్మ, ఆమె కొంగు పట్టుకొని నేను. కబురు ముందే పాకింది గనక వీధిలో ఆడవాళ్లంతా గడపల్లో నిలబడి ఉన్నారు. ఒకామె, తల్లిగారిల్లు మంచిగున్నదా అక్కా, రావడానికి ఇంతసేపైంది అని అడిగింది. బాపమ్మ సిగ్గుతో తల వంచుకుంది. మాటకు అంత పొదుపైన మా తాత ఆగి, కండువా సర్దుకొని, అందరికీ వినబడేలా జవాబు చెప్పాడు.

"ఏం జేస్తం బిడ్డా, మిరుదొడ్డి బస్సు లేటయ్యింది."